దయ్యం తెలుగులో మాట్లాడిన సినిమా

అల్ ఖోబర్ నుంచి వారాంతంలో బహ్రెయిన్ వెళ్లే మనవాళ్లు చాలామంది సినిమా కోసమే వెళ్లేవారు. అప్పట్లో సౌదీలో సినిమా హాళ్లు లేవు. వంతెన దాటి మనామా చేరితే హిందీ సినిమా చూసి, కడుపునిండా తిని, మర్నాడు సాయంత్రానికి వెనక్కి రావచ్చు. తొంభైల నడుమ ఒక గురువారం నేనూ సినిమా కోసమే బయల్దేరాను. అయితే నేను చూడబోయేది ఏ హాల్లోనూ ఆడటం లేదు. అది హాంకాంగ్‌వాళ్లు కాంటనీస్ అనే చైనా భాషలో తీసిన దయ్యాల సినిమా. అందులో మా అన్నయ్య ఉన్నాడు. ఆ సినిమా తీస్తుండగానే పోయాడు.

మా అన్నయ్య సూర్రావు మద్రాసులో ఫైటరు. మేడల మీంచి హీరోలకి బదులు దూకేవాడు. ఒకసారి హాంకాంగ్ కంపెనీ ఒకటి షూటింగుకి మద్రాసు వచ్చి, ఊరి బయట పాడుబడిన గోదాములో మనవాళ్లని కొందరిని పెట్టుకుంది. అన్నయ్యది దయ్యం వేషం. నడుముకి తీగ కట్టి గాల్లో వేలాడదీసేవారు. ఆఖరి రోజు ఆ తీగ తెగింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి పోయాడు. ఆ దర్శకుడు ఆసుపత్రికి వచ్చి వరండాలో నేల మీద కూర్చున్నాడట. మా వదిన రవణమ్మ అతని వంక చూడలేదట. అతని భాష ఎవరికీ రాదు. మన భాష అతనికి రాదు. ఆ సినిమా పేరేమిటో, అసలు పూర్తయిందో లేదో కూడా మాకు తెలియకుండానే ఏళ్లు గడిచిపోయాయి.

తర్వాత వదిన కూతుర్ని సామర్లకోటలో మా అక్క దగ్గర ఉంచి, బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో ఇంటిపనికి వచ్చింది. నేను ఖోబర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్లో గుమాస్తాని. మా మధ్య ఉన్నది ఒక్క సముద్రపు వంతెనే అయినా, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర ఉండే మనిషికి అది మామూలు దూరం కాదు.

ఒక రోజు స్టోరుకి ఫోన్ వచ్చింది.

"సత్తిబాబూ, మీ అన్నయ్య సినిమా దొరికిందంట," అంది వదిన. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "ఇక్కడ సిత్రాలో పనోళ్ల క్యాంపువోళ్లు చూశారంట. దయ్యం తెలుగులో మాట్లాడతందని పడీపడీ నవ్వేరంట. రవణమ్మా అని పిలిచిందంట. పక్కింట్లో పనిచేసే మేరీ వాళ్ల ప్రార్థనలో ఇనొచ్చి నాకు నవ్వుకుంటా చెప్పింది. దానికేం తెలుసు, ఆ దయ్యం నా మొగుడని."

నేను స్టోరు తలుపు దగ్గరికి వేసి మళ్లీ ఫోన్ అందుకున్నాను.

"ఆ చైనా సినిమాల్లో ఆఖర్న నిజంగా దెబ్బలు తగిలినవి కూడా చూపిత్తారంట కదా? ఆయన పడింది కూడా పెట్టేరేమో. క్యాంపులో ఆఖరిదాకా చూడలేదంట, కరెంటు పోయిందంట. నువ్వు ముందెళ్లి చూడు. అది ఉంటే నాకు చెప్పకు." మళ్లీ తనే మాట మార్చింది. "కాదు, చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. చూడాలో వద్దో అప్పుడు నేను చూసుకుంటాను."

ఎలాంటి మనిషి ఈ దర్శకుడు? బయల్దేరే ముందు అది తెలుసుకోవాలనిపించింది. ఖోబర్‌లో మా వీధి చివర వీడియో షాపు నడిపే హైదరాబాదీ అతనికి, మద్రాసు వచ్చి దయ్యాల సినిమా తీసిన హాంకాంగ్ దర్శకుడని నేను చెప్పిన ఆనవాళ్లు చాలు. "వో పాగల్ డైరెక్టర్?" అని నవ్వి, అట్టడుగు అర నుంచి మూడు కసెట్లు తీసి ఇచ్చాడు. వరసగా మూడు సాయంత్రాలు గదిలో ఒక్కణ్నే కూర్చుని చూశాను. ఒకదాంట్లో చచ్చిపోయిన మంగలి, బతికున్నప్పుడు సగంలో వదిలేసిన గడ్డం పూర్తి చేయడానికి తిరిగొస్తాడు. ఇంకోదాంట్లో వంటవాడొకడు గరిటెతో దొంగల ముఠానంతా కొట్టి, చివరికి అందరికీ అన్నం వడ్డిస్తాడు. భయపెట్టాల్సిన చోట నవ్విస్తాడు. నవ్వుతుంటే ఉన్నట్టుండి మనసు పిండేస్తాడు. కథ అయిపోయిందనుకున్నాక కూడా ఎవరో ఒకరు గిన్నెలు కడుగుతూ ఉంటారు. మూడు సినిమాల్లోనూ ఏదో ఒక వంటింట్లో వాన కారుతుంది.

వదిన విన్నది అబద్ధం కాదు. మూడింటి చివరా పేర్లు పడుతున్నప్పుడు షూటింగులో తగిలిన దెబ్బలు వేశాడు. ఒకడి మోకాలు చిట్లుతుంది, ఇంకొకణ్ని మంచం మీద మోసుకెళ్తారు, వెనకాల హుషారుగా పాట. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఇష్టానికి వదిలితే అసలు వెళ్లేవాణ్నే కాదు.

ఇలా వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. వెళ్లి తిరిగి రావడానికి ముద్ర పాస్‌పోర్టులో పడిందో లేదో, తేదీ సరిగా ఉందో లేదో బస్సెక్కే ముందే చూసుకోండి. మా కఫీల్ బుధవారం సాయంత్రం దాకా తాత్సారం చేసి, చివరికి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, "శనివారం పొద్దున డ్యూటీ," అన్నాడు. రాకపోతే ఏమవుతుందో అతను చెప్పలేదు. నేనూ అడగలేదు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి ఖోబర్‌లో బస్సెక్కాను. పక్క సీట్లో కరాచీ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. అతను ఒక హిందీ సినిమా పేరు చెప్పి, "నాలుగోసారి చూస్తున్నా," అన్నాడు. "మీరేం చూస్తారు?" అని అడిగితే, ఇంకా తేల్చుకోలేదన్నాను. వంతెన మధ్యలో ఉన్న దీవి దగ్గర అందర్నీ దింపి, ముందు సౌదీ వైపు, తర్వాత బహ్రెయిన్ వైపు పాస్‌పోర్టులు చూశారు. సెలవు రోజుల రద్దీ, కార్ల బారు కదలడం లేదు. బహ్రెయిన్ వైపు కిటికీలో ఉన్నతను నా వీసా కాగితాన్ని తిరగేసి, "ఎవరి దగ్గరకి?" అని అడిగాడు.

"వదిన. హమద్ టౌన్."

"సిత్రా వెళ్లొద్దు," అన్నాడు ముద్ర కొడుతూ. "అక్కడ గొడవలు." రద్దయిన పార్లమెంటు మళ్లీ కావాలని అక్కడి ఊళ్లవాళ్లు ప్రభుత్వంతో కొట్లాడుతున్న రోజులవి. నేను తలూపాను. వెళ్లాల్సింది అక్కడికే.

మనామాలో దిగేసరికి పదకొండు దాటింది. బస్టాండు వెనక సందులో ఒక మలయాళీ హోటల్లో పరోటా, చేపల కూర దొరుకుతాయి. నాకు రెండు ముద్దలకి మించి దిగలేదు. అక్కణ్నుంచి సిత్రా వైపు వెళ్లే పికప్ టాక్సీలు ఆ రోజు ఎక్కువ లేవు. ఒకడు ఒప్పుకున్నాడు కానీ, "టైరు పొగ కనపడితే అక్కడే దింపేస్తా. ఆ తర్వాత నీ ఇష్టం," అని ముందే చెప్పాడు.

సిత్రా ఒక దీవి. దాటుతున్నప్పుడు ముందు వాసన వస్తుంది, ఆ తర్వాత రిఫైనరీ కనిపిస్తుంది. వరసలు తీరిన చమురు ట్యాంకులు, వాటి పక్కన కాంట్రాక్టర్ల క్యాంపులు. రోడ్డు మలుపులో పోలీసులు ఆపి నా సంచీ తీయించారు. లుంగీ, దువ్వెన, వదిన కోసం కొన్న నువ్వుండల పొట్లం. ఒకతను ఆ పొట్లం విప్పి వాసన చూసి కట్టేశాడు. ఇక కదలండి అన్నట్టు, యల్లా, అన్నాడు. ఎడమ పక్కన ఊళ్లోంచి నల్లటి పొగ సన్నగా లేస్తోంది. మా డ్రైవరు దాని వంక చూస్తూనే నడిపాడు, దింపెయ్యలేదు.

క్యాంపు గేటు దగ్గర ఏలియా నిలబడి ఉన్నాడు. ఆ సినిమాని అద్దెకి తెచ్చి క్యాంపులో వేసింది ఇతనే. నర్సాపురం దగ్గర మనిషి, వెల్డర్. సెలవు రోజైన శుక్రవారం చర్చి ప్రార్థనలో పాటలు పాడతాడు, మేరీ వెళ్లేదీ అక్కడికే. మేరీ ద్వారా వదిన నా రాక కబురు చేసింది.

"రండి గురువుగారూ. దారిలో ఏం ఇబ్బంది లేదు కదండి?" అని సంచీ అందుకున్నాడు. నాలుగడుగులు వేశాక ఆగిపోయాడు. "ముందే చెప్పేత్తన్నానండి. మేం నవ్వేవండి. ఎవరో ఏంటో తెలీదండి. ఇన్నేళ్లయ్యి ఈ ఇసకలో, చైనావోడి సినిమాలో మన మాట ఇనపడేసరికి ఆగలేకపోయేం. తరవాత తెలిసిందండి ఆయన సంగతి. ఆ రోజునించీ నాకు తిండి సయించట్లేదు."

"కసెట్ ఎక్కడుంది?" అన్నాను. అంతకంటే మెత్తగా మాట్లాడే స్థితిలో లేను.

"నువైద్రాత్ షాపులో ఇచ్చేసానండి. ఇప్పుడెళ్దాం. నాకు నైట్ డ్యూటీ, ఈలోపు ఖాళీయే."

నువైద్రాత్ పక్క ఊరే. నడిచి వెళ్లాం. వీధుల్లో జనం పలచగా ఉన్నారు. కాలిన టైరు తీగలు రోడ్డు మధ్యలో చుట్టలు చుట్టుకుని పడి ఉన్నాయి. గోడల మీది రాతల మీద కొత్తగా సున్నం కొట్టారు. వీడియో షాపు షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఏలియా ఆయన్ని హాజీ అని పిలిచాడు. ఏ కసెట్ కావాలో చెప్పగానే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఖలాస్. వో కసెట్ ఖరాబ్. బీచ్ మే ఆవాజ్ గడ్‌బడ్." మధ్యలో గొంతు పాడైపోయిందని ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఫిర్యాదు చేశారట. అందుకని దాని మీద కుస్తీ పోటీలు రికార్డు చేయడానికి తీసి పెట్టాడట.

నేను బల్ల దగ్గరికి జరిగాను. "రికార్డు చేసేశారా?"

ఆయన బల్ల వెనక వంగి వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కో కసెట్టూ తీసి కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు, పక్కన పెడుతున్నాడు. బయట దూరంగా పెద్ద చప్పుడొకటి అయింది. ఏలియా షట్టర్ ఇంకాస్త కిందికి లాగాడు. చీకట్లో ఆయన దీపం వేసి మళ్లీ వెతికాడు.

చివరికి ఒకటి పైకి తీశాడు. పెట్టె మీద చైనా అక్షరాలు, గొడుగు పట్టుకుని పరిగెడుతున్న మనిషి బొమ్మ.

"ఇంకా చెయ్యలేదు," అన్నాడు హిందీలో. "అయినా ఇది నీకెందుకు? మంచిది వేరే ఇస్తాను."

"హాజీ, వో గడ్‌బడ్ నహీ," అన్నాడు ఏలియా. "వో హమారా జబాన్ హై."

"నీ భాషా? చైనా సినిమాలో?"

"అందులో మా భాయ్ ఉన్నాడు," అన్నాను నేను. ఇక్కడ ప్రతివాడూ ప్రతివాడికీ భాయే. ఆయనకి అర్థమైనట్టు లేదు. "సగా భాయ్. ఒక తల్లి బిడ్డలం. పోయాడు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి అరబ్బీలో ఏదో అన్నాడు. పోయినవాళ్ల పేరు వస్తే వీళ్లు అనుకునే ప్రార్థన అది. తర్వాత కసెట్టుని తన పొడుగాటి తెల్ల అంగీ, తోబు అంచుతో తుడిచి నా రెండు చేతుల్లో పెట్టాడు. "తిరిగి ఇవ్వక్కర్లేదు," అన్నాడు.

క్యాంపు టీవీ గది రేకుల షెడ్డు. పగలు అందరూ పనుల్లో ఉంటారు. నన్ను ఒక్కణ్నే చూడనివ్వమని అడిగాను. ఏలియా కసెట్టు పెట్టి, గుమ్మం బయట మెట్టు మీద వీపు నా వైపు పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు రెండున్నర అయి ఉంటుంది.

కథ ఇది. గొడుగులు బాగుచేసే పిరికివాడొకడికి మేనమామ ఆస్తిగా ఒక పాత గోదాము వస్తుంది. దాంట్లో సముద్రంలో పోయినవాళ్ల దయ్యాలు ఉంటాయి. సొంత ఊళ్లకి తీసుకెళ్లే పడవ కోసం అవి చూస్తూ ఉంటాయి. గోదామంటే హాంకాంగ్‌లోది కాదు, మద్రాసుదే. గోడ మీద చెరిపేసినా సగం కనిపించే తమిళ అక్షరాలు నేను గుర్తుపట్టాను. దయ్యాల్లో తెల్లవాడున్నాడు, నల్లవాడున్నాడు, అందరూ కాంటనీస్‌లోనే మాట్లాడుతున్నారు. ఎవరిచేతో డబ్బింగ్ చెప్పించాడు దర్శకుడు. నోళ్లు ఒక రకంగా కదులుతుంటే మాటలు ఇంకో రకంగా వస్తున్నాయి.

ఒక్కో దయ్యం వచ్చినప్పుడల్లా ఇదేనా అనుకుంటూ ముందుకి జరుగుతున్నాను. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సగం సినిమా అయ్యాక, గొడుగులవాడు నిచ్చెన ఎక్కుతుంటే పైకప్పు చీకట్లోంచి ఒక ఆకారం తలకిందులుగా దిగింది. మొహం నిండా సున్నం, మోకాళ్లదాకా జుట్టు. నేను గుర్తుపట్టలేదు. తర్వాత ఆకారం తిరిగి నిటారుగా అయి, మాట్లాడబోతూ ఎడమ భుజం చెవి దాకా ఎత్తింది. చిన్నప్పటినుంచీ అన్నయ్యకి అదే అలవాటు. కోపం నటించేటప్పుడు భుజం ఎగరేసేవాడు.

ఆ దయ్యం రేకులు అదిరేలా అరిచింది.

"ఏమే రవణమ్మా! తలుపు గడియ ఏసుకున్నావా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నాకు లేటవుద్ది, తినేసి పడుకో! పిల్లకి దగ్గు మందు ఎయ్యి! సీసా మూత గట్టిగా బిగించు, లేపోతే చీమలు పడతాయి!"

తెర కింద ఇంగ్లీషులో రాసి ఉంది, నీ ఏడు తరాల రక్తం తాగుతాను అని. గొడుగులవాడు గజగజ వణుకుతూ కాంటనీస్‌లో దండాలు పెట్టాడు.

నేను నవ్వాను. ఆ క్యాంపువాళ్లు నవ్వినట్టే పగలబడి నవ్వాను. ఆ తర్వాత ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఏలియా వెనక్కి తిరగలేదు. ఏదో ఒకటి నీ భాషలో అరిచెయ్యి, తర్వాత గొంతు మేం మారుస్తాం అని ఎవరో సైగ చేసి ఉంటారు. అన్నయ్య నోటికొచ్చింది అరిచాడు. నోటికొచ్చింది ఇల్లు. అందరి గొంతులూ మార్చిన ఆ పిచ్చి దర్శకుడు ఈ ఒక్క గొంతునీ ఎందుకు మార్చలేదో నాకు అంతుపట్టలేదు.

ఆ తర్వాత కథ ఏమైందో సరిగా చెప్పలేను. పడవ వచ్చింది, దయ్యాలు ఎక్కాయి, గొడుగులవాడు వంటింట్లో వాన నీళ్ల కింద గిన్నె పెట్టాడు. నా కళ్లు తెర మీద ఉన్నాయే కానీ, నా ధ్యాసంతా రాబోయే చివరి పేర్ల మీదే ఉంది.

పేర్లు మొదలయ్యాయి. హుషారు పాట మొదలైంది. ఒకడు నిచ్చెన మీంచి జారాడు. ఒకడి జుట్టుకి దీపం అంటుకుంటే నలుగురు చుట్టూ మూగి ఆర్పారు. తర్వాత గోదాము పైఅంతస్తు గట్టు కనిపించింది. అన్నయ్య దాని మీద నిలబడి నడుము దగ్గర తీగ సర్దుకుంటున్నాడు. సున్నం మొహం, కింద మామూలు చారల లుంగీ. నేను లేచి నిలబడ్డాను. టీవీ ఆపడానికి చెయ్యి కూడా చాచాను. అన్నయ్య కిందున్న ఎవరినో చూసి చెయ్యి ఊపాడు.

బొమ్మ అక్కడే ఆగిపోయింది. పాట ఆగిపోయింది. చెయ్యి ఊపుతున్న అన్నయ్య, కింద ఒక వరస చైనా అక్షరాలు. టేపు పాడైందేమోనని మిషను మీద చెవి పెట్టాను. తిరుగుతూనే ఉంది. ఆ బొమ్మ చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నలుపు. పాట మళ్లీ రాలేదు.

"అయిపోయిందాండి?" అన్నాడు ఏలియా గుమ్మంలోంచి.

"పడటం లేదు," అన్నాను. "పెట్టలేదు."

ఏలియా మోకాళ్ల మీద కూర్చుని తనలో తాను ఏదో ప్రార్థించుకున్నాడు. నేను ముక్కు తుడుచుకుని కసెట్టు వెనక్కి తిప్పాను.

ఆ రాత్రి ఏలియా తన మంచం మీదే పడుకోమన్నాడు. క్యాంపులో బయటివాళ్లని ఉంచకూడదు. ఫోర్‌మన్ చూస్తే అతని ఉద్యోగానికే ముప్పు. అయినా ఉంచాడు. నాకు ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. పడటం లేదు నిజమే, కానీ పడే గట్టు ఉంది. ఆ క్షణానికి ముందు క్షణం ఉంది. వదినకి ఏమని చెప్పాలి?

శుక్రవారం ఉదయం ఏలియా డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా నన్ను పికప్ ఎక్కించాడు. మలుపులో మళ్లీ పోలీసులు. ఈసారి సంచీలో కసెట్టు ఉంది. గొడవల బొమ్మలు తీసిన కసెట్ల కోసం వెతుకుతున్నారని ఏలియా ముందే చెప్పాడు. ఒక కుర్ర పోలీసు పెట్టె తెరిచి, మూసి, పైనున్న బొమ్మ చూశాడు. "సీనీ?" అన్నాడు. చైనాదా అని. అవును, చైనా సినిమా అన్నాను. అతను తన పక్కవాడి మీదికి ఉత్తుత్తి తన్ను ఒకటి విసిరి నవ్వి, పెట్టె తిరిగి ఇచ్చేశాడు. మనామా దాకా సంచీని ఒళ్లోంచి దించలేదు.

మనామాలో బస్సు మారితే హమద్ టౌన్. ఒకే మాదిరి ఇళ్లు, ఒకే మాదిరి గోడలు. చిరునామా అంటే ఫలానా నంబరు రౌండబౌట్ అని చెప్తారు. రెండుసార్లు తప్పు వీధిలోకి వెళ్లి, పదకొండింటికి ఇల్లు పట్టుకున్నాను. వదిన వెనక గేటు దగ్గర ఎదురుచూస్తోంది. బాగా చిక్కిపోయింది. పలకరించనైనా లేదు. నా మొహం కేసి చూసింది.

"పడింది లేదు వదినా," అన్నాను. "కానీ ఆ గట్టు మీద నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపుతాడు. అక్కడితో ఆపేశాడు."

"ఆపేసేడా?"

"బొమ్మ ఆపేశాడు. పాట కూడా."

వదిన గేటు గడియ తీసింది. "అయితే చూత్తాను," అంది.

ఇంట్లోవాళ్లంతా శుక్రవారం భోజనానికి చుట్టాలింటికి వెళ్లారు. కాళ్ల నొప్పులని పెద్దావిడ ఒక్కతే ఉండిపోయింది. వదిన ఆవిడని మామా అని పిలుస్తుంది, అక్కడి మాటలో అమ్మ అని. ఏం చెప్పి ఒప్పించిందో గానీ, మామా తనే హాల్లోకి వచ్చి టీవీ ఎదురుగా దిండ్లకి ఆనుకుని కూర్చుంది. వదిన తివాచీ మీద కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

గొడుగులవాడి భయం చూసి మామా మొదటినుంచీ నవ్వుతూనే ఉంది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా చూస్తోంది. తలకిందుల ఆకారం దిగింది. భుజం ఎగిరింది.

ఏమే రవణమ్మా, అని దయ్యం అరిచింది.

మామా ఉలిక్కిపడి వదిన వంక తిరిగింది. "నీ పేరు!" అంది అరబ్బీలో. "ఏమంటోంది? ఏమంటోంది?"

వదిన తన వంటింటి అరబ్బీలో ఒక్కో ముక్కా చెప్పింది. తలుపు వెయ్యి. తిను. పడుకో. పాపకి మందు. చీమ. మామా పగలబడి నవ్వింది. దయ్యం ఇలా మాట్లాడుతుందా అని దిండు మీద కొట్టింది. అంతలో వదిన మొహం చూసింది. తెర వంక చూసింది. మళ్లీ వదిన వంక చూసి, నవ్వు ఆపేసి, "నీ మనిషా?" అని అడిగింది.

వదిన తలూపింది. నేను భయపడిన క్షణం ఇదే. ఏడుస్తుందనుకున్నాను, లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వదిన నా వైపు తిరిగి, "సత్తిబాబూ, ఆ రోజు దగ్గు నాకు. పిల్లకి కాదు," అంది. "పొద్దున్న మందు తెమ్మని చెప్పి పంపేను. నాకోసమని మర్చిపోయేడు చూడు. మూత బిగించమని నాకు చెప్తన్నాడు! ఏనాడైనా ఆయన మూత బిగించేడా?" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు. "మళ్లీ పెట్టు. మళ్లీ పెట్టు," అంది. నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి పెట్టాను. ప్రతిసారీ ఆయనకి జవాబు చెప్తూనే ఉంది.

చివరి బొమ్మ రాగానే వదిన లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. ఆగిపోయిన ఆ చేతిని వేలితో తాకి, అద్దం మీద పడ్డ వేలిముద్రని అలవాటుగా కొంగుతో తుడిచింది. కింద ఉన్న అక్షరాలు ఏమిటని నన్ను అడిగింది. తెలియదన్నాను.

"ఆస్పత్రిలో కూర్చున్నాడే ఆ మనిషి," అంది మళ్లీ తివాచీ మీద కూర్చుంటూ. "నేను మొహం తిప్పుకున్నాను. ఆయన గొంతు దాచి ఉంచుతాడని నాకేం తెలుసు."

మామా కర్ర పట్టుకుని మెల్లగా లేచి, తనే వంటింట్లోకి వెళ్లి, చేపల అన్నం పళ్లెంలో పెట్టి తెచ్చింది. వదిన లేవబోతే కూర్చోమని సైగ చేసింది. ముగ్గురం ఒకే పళ్లెంలో తిన్నాం. కసెట్టు వదిన తన పెట్టెలో అడుగున చీరల మధ్య పెట్టుకుంది. వచ్చే సెలవుకి సామర్లకోట తీసుకెళ్లి కూతురికి చూపిస్తానంది. తండ్రి పోయేనాటికి ఆ పిల్లకి రెండేళ్లు. అతని గొంతు దానికి తెలియదు.

సాయంత్రం నాలుగింటికి మనామాలో తిరుగు బస్సు. ఖోబర్ వెళ్లేవాళ్లతో నిండిపోయింది. ముద్ర తేదీ, శనివారం డ్యూటీ, కార్ల బారు అన్నీ మళ్లీ మనసులో కొట్టుకోవడం మొదలుపెట్టాయి. సౌదీ కస్టమ్స్‌వాళ్లు నా సంచీ బోర్లించి లుంగీ దులిపి చూశారు. వాళ్లకి దొరకడానికి అందులో ఏమీ లేదు. బస్సు మళ్లీ కదిలాక, రెండు వైపులా సముద్రం పచ్చగా, నిశ్చలంగా కనిపించింది. వచ్చేటప్పుడు ఇదే సముద్రాన్ని నేను అసలు చూడలేదని అప్పుడు తెలిసింది.

నాకు ఆ దర్శకుడి పేరు పలకడం ఇప్పటికీ రాదు. పెట్టె మీద అక్షరాలని చదివించుకోవాలని కూడా ప్రయత్నించలేదు. అతని సినిమాలు ఎక్కడైనా దొరికితే మీరూ చూడండి. చివరి పేర్ల దాకా కూర్చోండి. దెబ్బలు చూసి నవ్వుకునే మనిషని అతని మీద నేను పెంచుకున్న కోపం మాత్రం ఆ వంతెన మీద నాకు ఎంత వెతికినా దొరకలేదు.

పక్క సీటులో హైదరాబాద్ పెద్దమనిషి ఒకాయన, ఒళ్లో మిఠాయి పెట్టె పెట్టుకుని, "ఏం సినిమా జూసినవ్ భయ్యా?" అని అడిగాడు.

"దయ్యం సినిమా," అన్నాను.

"భయమైందా?"

"వెళ్లేటప్పుడు అయింది," అన్నాను. ఆయన పెట్టె తెరిచి ఒక మిఠాయి నా చేతిలో పెట్టాడు. ఎదురుగా ఖోబర్ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.